బుర్రి గోనెపట్టాలు, ఆయన మీద పడ్డ గాయం కథ

ఇటాలియన్ చిత్రకారుడు ఆల్బెర్తో బుర్రి గురించి ఎక్కడ చదివినా మొదటి పేరాలోనే ఒక డాక్టరు ఎదురవుతాడు. సైన్యంలో వైద్యుడిగా పనిచేశాడు, యుద్ధంలో పట్టుబడ్డాడు, అమెరికాలో ఖైదీల క్యాంపులో బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు, ఇటలీకి తిరిగొచ్చాక వైద్యం జోలికే పోలేదు, చిరిగిన గోనెసంచుల్ని కుట్టి వాటినే చిత్రాలన్నాడు. ఇంకేముంది, గోనె అంటే చర్మం, చిరుగు అంటే గాయం, దారం అంటే ఆపరేషన్ కుట్లు, వెనక నుంచి తొంగిచూసే ఎరుపు అంటే నెత్తురు. లెక్క సరిపోయింది. ఇంత ముచ్చటగా సరిపోయే కథ దొరికాక ఎవరు మాత్రం వదులుకుంటారు?

నా గొడవల్లా ఆ కథతోనే. అది అబద్ధమని అనను, అందులోని సంఘటనలన్నీ నిజంగా జరిగినవే. కానీ అది వినగానే బొమ్మ అర్థమైపోయిందన్న ధీమా వచ్చేస్తుంది, ఆ తర్వాత ఇక బొమ్మ వంక చూడం. నలభై ఏళ్ళకి పైగా తారు, బూజు, గోనె, కట్టె, ఇనుము, ప్లాస్టిక్, బంకమట్టి, అట్టలు పట్టుకుని కుస్తీ పట్టిన మనిషి పనంతా ఒక్క కుట్టు దగ్గర ఆగిపోతుంది.

సరే, ముందు ఆయన జీవితం కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే అందులో అందరూ దాటేసే ముక్క ఒకటి ఉంది. బుర్రి 1915 మార్చి 12న చిత్తా ది కాస్తెల్లోలో పుట్టాడు. ఉంబ్రియా ప్రాంతంలో, తైబర్ నది ఎగువ లోయలో ఉండే చిన్న ఊరు. పెరూజాలో చదివి 1940లో వైద్యంలో పట్టా తీసుకున్నాడు. అంతకు ముందే, ముసోలినీ ఇథియోపియా మీదికి దండెత్తినప్పుడు, తనంతట తానే ముందుకొచ్చి ఆ యుద్ధానికి వెళ్ళాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైనిక వైద్యుడయ్యాడు, 1943 మేలో ట్యునీషియాలో పట్టుబడ్డాడు, అక్కణ్ణుంచి టెక్సస్ రాష్ట్రంలోని హియర్‌ఫర్డ్ క్యాంపుకి చేరాడు. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక, అమెరికాకి సహకరిస్తామని సంతకం పెట్టిన ఇటాలియన్ ఖైదీలకి కాస్త వెసులుబాటు దొరికింది. హియర్‌ఫర్డ్‌లో ఉన్నది సంతకం పెట్టనన్న మొండివాళ్ళు. బుర్రి వాళ్ళలో ఒకడు. అంటే యుద్ధంలో నలిగిపోయిన అమాయకుడి కథ కాదిది, ఓడిపోయిన పక్షాన నిలబడి, ఓడాక కూడా తలవంచని మనిషి కథ. గాయం కథ చెప్పేవాళ్ళకి ఈ ముక్క అడ్డం వస్తుంది కాబట్టి మెల్లగా జారవిడుస్తారు. ఆయన్ని తిట్టడానికి దీన్ని ఎత్తడం లేదు, జీవితచరిత్రతో బొమ్మని చదవాలనుకుంటే మొత్తం చదవాలి కదా, నచ్చిన పేజీలే చదివితే ఎలా?

క్యాంపులో చేతికందిన రంగులతో, కాన్వాసు లేక గోనెగుడ్డ మీద కూడా, బొమ్మలు వేశాడు. అక్కడి బొమ్మల్లో మిగిలిన ‘టెక్సస్’ (1945) మామూలు ప్రకృతి దృశ్యమే, అబ్‌స్ట్రాక్ట్ కాదు. 1946లో తిరిగొచ్చి రోమ్‌లో దిగాడు, 1947లో లా మార్గెరీతా గ్యాలరీలో మొదటి సోలో ప్రదర్శన పెట్టాడు. ఏడాది తిరిగేసరికి మనుషులూ చెట్లూ బొమ్మల్లోంచి మాయమైపోయాయి. ఆ తర్వాత వచ్చింది తారు.

తారుతోనే అసలు బుర్రి మొదలయ్యాడని నా లెక్క. అప్పటిదాకా రంగు అంటే ట్యూబులోంచి వచ్చేది, కాన్వాసు అంటే దాన్ని మోసేది. తారు పూసిన పలక మీద ఈ తేడా చెరిగిపోతుంది. ఆ నలుపు నల్లరంగు కాదు, తారే. ఒకచోట నిగనిగలాడుతుంది, ఒకచోట గరుగ్గా పొడిబారి ఉంటుంది, వెలుతురు పడే పక్కని బట్టి ఒకే నలుపు నాలుగు నలుపులవుతుంది. ఆ తర్వాత బూజు పట్టినట్టు పైకి లేచిన పొరలతో కొన్ని చేశాడు. 1950 ప్రాంతంలో కాన్వాసు వెనక కొమ్మల్లాంటివి అడ్డం పెట్టి దాన్ని ముందుకి ఉబ్బించాడు, ఆ వరసకి గూనివాళ్ళు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1951లో కపోగ్రోస్సి, బల్లొక్కో, కొల్లా అనే తోటి కళాకారులతో కలిసి ఒరిజినే అనే చిన్న గుంపు కట్టాడు. ఆ గుంపు ఎక్కువ కాలం నడవలేదు. గుంపులు ఆయన ఒంటికి పడవనుకుంటాను.

ఇక గోనె. 1949లో చేసిన ఎస్‌జెడ్1 అనే చిన్న బొమ్మలో మొదటిసారి అచ్చు ఉన్న సంచి గుడ్డ ముక్కలు వాడాడు. యుద్ధం తర్వాత అమెరికా సాయంగా పంపిన పంచదార సంచి అది, దాని మీద అమెరికా జెండా చారలూ నక్షత్రాలూ ముక్కలుగా కనిపిస్తాయి. మరికొన్నేళ్ళకి అమెరికా కళాకారులు జెండాల్నీ సరుకుల డబ్బాల్నీ బొమ్మల్లోకి తెచ్చి పెద్ద పేరు తెచ్చుకున్నారు. ఇక్కడ రోమ్‌లో సాయం తీసుకున్న దేశపు మనిషి, మొన్నటిదాకా వాళ్ళ ఖైదీ, ఆ సంచినే బొమ్మలో అతికించేశాడు. ఎగతాళా, కృతజ్ఞతా? ఆయన నోరు విప్పలేదు.

1950 నుంచి గోనె వరస జోరందుకుంది. ఒక గోనె బొమ్మని పెద్ద ఫోటో తెరిచి మెల్లగా చూడండి. అన్నీ ఒకే గోనె కాదు. ఒక ముక్క నేత దగ్గరగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది, దాని పక్కది వాడి వాడి నీరుకావి పట్టినట్టు పాలిపోయి, పోగులు వదులై, వెనకున్న నలుపు జల్లెడలోంచి కనిపించినట్టు కనిపిస్తుంది. కొన్ని మాసికలు బుర్రి వేసినవి కావు, ఆ సంచులు వాడినవాళ్ళెవరో ఎప్పుడో దబ్బనంతో వేసినవి. మరికొన్ని ఆయనే వేశాడు. రెండింటికీ తేడా పట్టుకోవడం ఒక సరదా. సంచి వాడినవాళ్ళ కుట్టు బరువు ఆపడానికి వేసింది, దగ్గరదగ్గరగా, గట్టిగా ఉంటుంది. బుర్రి కుట్టు చాలాచోట్ల దేన్నీ ఆపదు, గీతలా నడుస్తుంది, ఒక ముక్క ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో చెబుతుంది, అంతే. అంటే ఆయన దబ్బనంతో గీత గీస్తున్నాడు. డాక్టరు కుట్టు అని అందరూ మురిసిపోయే చోట నాకు కనిపించేది ఇదే. ఏ డాక్టరూ అంత వదులుగా కుట్టడు.

చిరుగులు కూడా అంతే. ఎక్కడ పడితే అక్కడ ఉండవు. పెద్ద చిరుగు సాధారణంగా మధ్యలో కాక కాస్త పక్కకి ఉంటుంది, దానికి ఎదురుగా రెండో చివర ఒక ముదురు మాసిక దాన్ని తూకం వేస్తుంది. ఏదైనా ఒక ముక్కని బొటనవేలితో మూసి చూడండి, మొత్తం బొమ్మ ఒక పక్కకి ఒరిగిపోతుంది. కొన్నిటిలో గోనె మధ్య బంగారు రేకు కూడా పెట్టాడు. పనికిమాలిన గుడ్డ పక్కన బంగారం అంటే ఎవరైనా ఏదో సందేశం అనుకుంటారు, కానీ అక్కడి బంగారం పాత ఇటాలియన్ చర్చి చిత్రాల్లో బంగారం చేసే పనే చేస్తుంది, చుట్టూ ఉన్నదాన్ని చదును చేసి తను ముందుకొస్తుంది.

పాత చిత్రాల మాట ఊరికే అనలేదు. చిత్తా ది కాస్తెల్లో అంటే రఫాయెల్ కుర్రతనంలో పనిచేసిన ఊరు, 1504లో ఆయన వేసిన మరియ పెళ్ళి చిత్రం ఆ ఊరి చర్చి కోసం వేసిందే, ఇప్పుడు మిలాన్‌లోని బ్రేరా మ్యూజియంలో ఉంది. అదే లోయలో కాస్త పైకి వెళితే సాన్‌సెపోల్క్రో, పదిహేనో శతాబ్దపు చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా సొంతూరు. పియెరో బొమ్మల్లో మనుషులు కదలరు, అరవరు, ఒక్కొక్కరూ తమకి కేటాయించిన చోట స్తంభాల్లా నిలబడి ఉంటారు, వాళ్ళ మధ్య ఖాళీ కూడా కొలిచి పెట్టినట్టే ఉంటుంది. బుర్రి గోనెలు ఆ కొలతలోంచి వచ్చాయని నేను నమ్ముతాను. బుర్రికి పియెరో అంటే ఎంత అభిమానమో అందరికీ తెలిసిందే, కాబట్టి ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు, కానీ యుద్ధం గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే కొలతల గురించి చెబితే కళ్ళల్లో నీళ్ళు రావు కదా.

అప్పట్లో జనం వీటిని ఎలా చూశారో కూడా చెప్పాలి. రోమ్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియం డైరెక్టరు పాల్మా బుకరెల్లి బుర్రి పెద్ద గోనె ఒకటి అక్కడ వేలాడదీసింది. 1959లో కమ్యూనిస్టు సెనేటరు ఉంబెర్తో తెర్రాచీని ఏకంగా పార్లమెంటులో దాని మీద ప్రశ్న వేశాడు. గోనెపట్టా మీద ఒక దేశపు పార్లమెంటులో చర్చ! మరోవైపు అమెరికాలో దారి సాఫీగానే పడింది. 1953లో చికాగోలో, న్యూయార్క్‌లో ప్రదర్శనలు జరిగాయి, గుగ్గెన్‌హైమ్ మ్యూజియం డైరెక్టరు జేమ్స్ జాన్సన్ స్వీనీ 1955లో ఆయన మీద ఒక పుస్తకమే రాశాడు. అదే 1953లో రోమ్‌లో ఉన్న అమెరికన్ కుర్ర కళాకారుడు, తర్వాత బాగా పేరుమోసిన రాబర్ట్ రౌషెన్‌బర్గ్ బుర్రి స్టూడియోకి వెళ్ళి చూసి వచ్చాడు. ఎవరు ఎవరి దగ్గర ఎంత నేర్చుకున్నారన్నది ఇప్పటికీ తెగని తగాదా. నాకు ఆ తగాదా మీద పెద్ద ఆసక్తి లేదు. డబ్బు మాటకొస్తే, గోనె మీద ఎరుపు కలిపి 1959లో చేసిన ఒక బొమ్మ 2016లో లండన్ వేలంలో 90 లక్షల పౌండ్లు దాటింది. తెర్రాచీని వినుంటే ఏమనేవాడో.

గోనె బాగా అమ్ముడుపోతున్న సమయంలోనే దాన్ని వదిలేశాడు. ఇది చాలామంది చేయలేని పని. సన్నటి చెక్క పొరల్ని కాల్చి అతికించాడు, తర్వాత ఇనుప రేకుల్ని వెల్డింగ్ చేశాడు. ఇనుము వరస మీద నాకంత మోజు లేదు, బాగానే ఉంటుంది, కానీ ఆ రేకులు గోనెలా లొంగవు, బొమ్మ బిగుసుకుపోయి ఉంటుంది. 1960ల మొదట్లో వచ్చిన ప్లాస్టిక్ మాత్రం వేరే సంగతి.

చట్రానికి పల్చటి ప్లాస్టిక్ షీటు బిగిస్తాడు, మంట పెడతాడు. ఉగో ములాస్, ఔరేలియో అమెందోలా తీసిన ఫోటోల్లో ఆయన పని చేస్తూ కనిపిస్తాడు, చేతిలో మంట, ఎదురుగా పారదర్శకమైన తెర, దానిలో అప్పుడే నోరు తెరుచుకుంటున్న చిల్లు. ప్లాస్టిక్ కాలితే ఏమవుతుందో గుర్తు చేసుకోండి. మంట తగిలిన చోట ముందు ముడుచుకుంటుంది, తర్వాత పుటుక్కున చిల్లు పడుతుంది, చిల్లు పడ్డాక అంచు వెనక్కి పారిపోతూ పోతూ చిక్కబడుతుంది, చివరికి గట్టిపడి ఒక నల్లటి పెదవిలా మిగులుతుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది. రంగు తప్పు పడితే తుడుచుకోవచ్చు, గోనె అయితే కుట్టు విప్పుకోవచ్చు, ఇక్కడ చిల్లు పెద్దదైపోతే అంతే సంగతులు. అయినా ఆ చిల్లులు ఒకదానికొకటి ఎంత సరిగ్గా పడ్డాయో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. మంటని తన దారికి తెచ్చుకోవడానికి ఎంత ప్లాస్టిక్ తగలేసి ఉంటాడో.

ఎర్ర ప్లాస్టిక్కులే ఎక్కువ పేరు తెచ్చుకున్నాయి. పొర మీద పొర, పై పొర కాలి మడతలు పడితే కింది ఎరుపు, దాని కింద నలుపు. మళ్ళీ మాంసం, నెత్తురు అంటారు. కానీ పారదర్శకమైన ప్లాస్టిక్కులు చూడండి. వాటిలో రంగే లేదు. గోడ కనిపిస్తుంది, మడతల మీద వెలుతురు మెరుస్తుంది, పొగ మరక ఒకటి సన్నగా ఉంటుంది. వాటి ముందు నిలబడి గాయం అనడానికి నోరు రాదు. 1960లలో వచ్చిన ఆ వరస నాకు ఆయన పని మొత్తంలో అన్నిటికంటే ఇష్టం.

1963 నుంచి చాలా ఏళ్ళపాటు చలికాలాలు లాస్ ఏంజెలెస్‌లో గడిపాడు. ఆయన భార్య మిన్సా క్రెయిగ్ అమెరికన్, డ్యాన్సర్, 1955లో పెళ్ళయింది. కాలిఫోర్నియా ఎడారిలో, ముఖ్యంగా డెత్ వ్యాలీలో, ఎండి నెర్రెలు విచ్చిన నేలని చూశాడు. 1970లలో అవే బొమ్మలయ్యాయి. జింక్ వైట్ లాంటి తెల్లపొడి, బంకమట్టి, ఫెవికాల్ లాంటి జిగురు కలిపి పలక మీద దట్టంగా పరుస్తాడు, ఆరుతున్నకొద్దీ అది తనంతట తాను పగులుతుంది. పల్చగా పరిచిన చోట సన్న జాలీ, మందంగా పరిచిన చోట వెడల్పాటి నెర్రె. అంటే పగులు ఎక్కడ ఏ సైజులో రావాలో చేతిలో ఉన్న మందాన్ని బట్టి ముందే నిర్ణయించుకోవాలి, ఆ తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. చాలనుకున్నాక పైన జిగురు పూసి ఆపేస్తాడు. పాత చిత్రాల మీద పగుళ్ళొస్తే మ్యూజియంవాళ్ళు బెంగపెట్టుకుంటారు, ఈయన పగులునే బొమ్మ చేశాడు. నల్లటి పెద్ద పగుళ్ళ గోడ ఒకటి, దాదాపు 15 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తు, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ శిల్పాల తోటలో ఉంది, అలాంటిదే ఇంకోటి నేపుల్స్‌లోని కాపోదిమోంతె మ్యూజియంలో ఉంది.

ఇక జిబెల్లీనా గురించి చెప్పకపోతే ఎవరూ ఊరుకోరు. 1968 జనవరిలో సిసిలీ పశ్చిమ భాగంలోని బెలీచే లోయలో భూకంపం వచ్చింది, వందల మంది పోయారు, జిబెల్లీనా అనే ఊరు నేలమట్టమైంది. పాత ఊరికి దూరంగా కొత్త ఊరు కట్టారు, జనం ఏళ్ళ తరబడి రేకుల షెడ్లలో మగ్గారు. మేయరు లుదొవీకో కొర్రావో కొత్త ఊరికి కళాకారుల్ని పిలిపించాడు, వాళ్ళలో బుర్రి ఒకడు. కొత్త ఊరు చూసి ఇక్కడ నేను చేసేదేమీ లేదన్నాడు, పాత ఊరి శిథిలాలు చూపించమన్నాడు. చూశాక, ఆ శిథిలాలన్నిటినీ అక్కడికక్కడే కూర్చి తెల్ల సిమెంటు కింద కప్పేద్దామన్నాడు. 1984లో పని మొదలైంది, 1989లో డబ్బుల్లేక ఆగింది, ఆయన పోయిన ఇరవై ఏళ్ళకి, శతజయంతి ఏడాది 2015లో పూర్తయింది. దాదాపు 80,000 చదరపు మీటర్లు. సుమారు 1.6 మీటర్ల ఎత్తు దిమ్మలు, వాటి మధ్య మనిషి నడిచే పగుళ్ళు, ఆ పగుళ్ళు కొంతవరకు పాత వీధుల దారినే పోతాయి.

ఇక్కడ మాత్రం గాయం కథ అక్షరాలా నిజమే కదా అంటారు. ఒప్పుకుంటాను. కింద ఇళ్ళున్నాయి, జనం వస్తువులున్నాయి. కానీ ఎదురు కొండ మీదనుంచి తీసిన ఫోటో చూస్తే, వాలు మీద పరిచిన తెల్లటి పలక, దానికి ఒక అంచు, ఒక కొలత, లోపల పగుళ్ళ దూరాలు, అన్నీ స్టూడియోలో చేసిన చిన్న పగుళ్ళ బొమ్మల పద్ధతే. దుఃఖం ఊరిది, కొలత ఆయనది. గూడు లేని జనానికి తిండీ ఇల్లూ చూడకుండా ఇంత సిమెంటు కొండ మీద పోస్తారా అని అప్పుడే కోప్పడ్డవాళ్ళున్నారు, ఆ కోపం న్యాయమైనదే, బొమ్మ గొప్పదైనంత మాత్రాన అది కొట్టుకుపోదు. 2015లో పోసిన భాగం తెల్లగా, పాత భాగం నాచు పట్టి బూడిదరంగులో ఉంటుంది, అతుకు స్పష్టంగా తెలిసిపోతుంది. పాతదాన్ని కడిగి తెల్లగా చేయాలా వద్దా అంటే, నన్నడిగితే చేయాలి. నాచు మీద జనానికి కవిత్వం పుడుతుంది గానీ ఆయన అడిగింది తెలుపు.

బుర్రి తన బొమ్మల గురించి దాదాపు ఏమీ చెప్పలేదు. మాటలు తనకి సాయం చేయవనీ, బొమ్మ ఇంకో రూపంలోకి మారడానికి ఒప్పుకోదనీ 1955లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం కేటలాగుకి రాసిచ్చాడు. దానికి బదులు ఇంకో పని చేశాడు, సొంత ఊళ్ళో తన మ్యూజియం తనే పెట్టించుకుని, ఏ బొమ్మ ఏ గోడ మీద ఉండాలో తనే నిర్ణయించాడు. అల్‌బిజ్జీని భవనంలోని మొదటి భాగం 1981లో తెరిచారు, పెద్ద పెద్ద బొమ్మల కోసం ఊరి బయట పాత పొగాకు ఆరబెట్టే షెడ్లు తీసుకుని 1990లో రెండో భాగం తెరిచారు. 1966లో ఫ్లోరెన్స్ వరదల్లో తడిసిన పుస్తకాల్ని ఆరబెట్టింది ఆ షెడ్లలోనే. బయట గోడలన్నిటికీ నల్లరంగు వేయించాడు.

ఆ షెడ్లలో సెస్తాంతే అనే వరస ఒకటి ఉంది, 1983లో వెనిస్‌లోని జుదెక్కా దీవిలో పాత ఓడల కార్ఖానాలో మొదట చూపించినది. గాయం కథ నమ్మేవాళ్ళకి నేను ముందు చూపించేది దాన్నే. పసుపు, ఆకుపచ్చ, నారింజ, నీలం, ఒకదానిమీద ఒకటి ఎగబడే చదునైన ఆకారాలు, కుట్టు లేదు, కాలిన మరక లేదు, గోనె పోగు ఒక్కటి లేదు. అరవై ఏడు అరవై ఎనిమిదేళ్ళ మనిషి, అదే చెయ్యి, అదే తూకం. ఇక్కడ కూడా ఏదైనా ఒక ఆకారాన్ని బొటనవేలితో మూసి చూడండి, గోనె బొమ్మలాగే పక్కకి ఒరుగుతుంది. 1995 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని నీస్‌లో చనిపోయేదాకా, సెలోటెక్స్ అనే మామూలు ఇన్సులేషన్ అట్టల్ని గీకుతూ, నలుపు పూస్తూ పనిచేస్తూనే ఉన్నాడు. ఆ అట్టల బొమ్మలు ఫోటోల్లో సరిగ్గా పడవు, గీకిన చోటికీ గీకని చోటికీ తేడా వెలుతురు పక్కనుంచి పడితేనే తెలుస్తుంది, కాబట్టి వాటి గురించి ఫోటోలు చూసి తీర్పులు చెప్పేవాళ్ళని, నాతో సహా, నమ్మకండి.